దారంతో పరీక్షించే ఉక్కు

రైలు పట్టాల అతుకుల వద్ద సందు ఎందుకు వదులుతారని మా మదర్సా విద్యార్థి ఒకడు ఇటీవల అడిగాడు. "మన మణుగూరు ఎండ నీకు తెలియనిదా బేటా! వేడికి ఇనుము సాగుతుంది, దానికి చోటు కావాలి" అన్నాను. సెలవుపై వచ్చిన నా పూర్వ విద్యార్థి ఒకడు అక్కడే కూర్చుని ఉన్నాడు. అతడు సైన్యంలో యుద్ధట్యాంకుపై పనిచేస్తాడు. "హజ్రత్, మా ఫిరంగి గొట్టం కూడా ఎండకు వంగుతుంది" అన్నాడు. అంతటి ఉక్కు వంగుతుందంటే మొదట నమ్మలేకపోయాను.

అతడు వివరించాడు. టి-72 ట్యాంకు ఫిరంగి గొట్టం పొడవు సుమారు 6 మీటర్లు, లోపలి వ్యాసం 125 మిల్లీమీటర్లు. ఎండ పైభాగాన పడితే ఆ వైపు ఎక్కువగా సాగి, గొట్టం కొన కిందికి వాలుతుంది. వాన పడి పైభాగం చల్లబడితే కొన పైకి లేస్తుంది. ఈ మార్పు కంటికి కనిపించదు. అందుకే గొట్టానికి వేడి నుండి కాపాడే తొడుగు వేస్తారు. అయినా కొంత తేడా మిగులుతుంది.

ఆ కొంత తేడా ఎంత నష్టం చేస్తుందో లెక్క చూడండి. 6 మీటర్ల గొట్టం కొన వద్ద 6 మిల్లీమీటర్ల మేర వాలు తప్పితే, 1000 మీటర్ల దూరంలో గుండు 1 మీటరు, 2000 మీటర్ల దూరంలో 2 మీటర్లు పక్కకు పోతుంది. ట్యాంకు ఎత్తే రెండు మీటర్లకు కాస్త ఎక్కువ. నడిమికి గురిపెట్టిన గుండు దానిని తాకనే తాకదు.

మరొక చిక్కు కూడా ఉంది. గురి చూసే దుర్భిణి గొట్టంలో ఉండదు, దాని పక్కన ఉంటుంది. కనుక కన్ను చూసే రేఖ, గొట్టం చూపే రేఖ వేర్వేరు. ఆ రెండింటినీ ఒక నిర్ణీత దూరంలో కలపడాన్నే బోర్‌సైటింగ్ అంటారు.

పద్ధతి ఆశ్చర్యం కలిగించేంత సరళమైనది. గొట్టం మూతి అంచున నాలుగు గీతలు చెక్కి ఉంటాయి. వాటి మీదుగా రెండు దారాలను అడ్డంగా, నిలువుగా లాగి గ్రీజుతో అంటిస్తారు. వెనుక వైపు గుండును పేల్చే సూదిని తీసివేసి, ఆ సన్నని రంధ్రం గుండా ఒకరు చూస్తారు. దూరాన ఉన్న స్పష్టమైన గుర్తుపై, సాధారణంగా ఏదైనా కట్టడం మూలపై, దారాల కూడలి నిలిచేవరకు మరొకరు ఫిరంగిని చేతితో తిప్పుతారు. పళ్ళచక్రాలలోని వదులు మోసం చేయకుండా చివరి కదలిక ఎప్పుడూ ఒకే దిశలో ఉండాలి. తర్వాత ఫిరంగిని కదపకుండా, మరలు తిప్పి దుర్భిణిలోని గుర్తును కూడా అదే మూలపైకి తెచ్చి బిగిస్తారు. ఆపై మళ్ళీ మొదటి నుండి సరిచూస్తారు. నేడు మూతిలో అమర్చే దుర్భిణులు కూడా వచ్చాయి. అమెరికా అబ్రామ్స్ వంటి ట్యాంకులలో గొట్టం కొననే ఒక గుర్తు అమర్చి ఉంటుంది. వంపు ఏర్పడిందో లేదో లోపల కూర్చునే చూసుకోవచ్చు.

ఇటువంటి పని మనకు దూరమైనదేమీ కాదు. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో 1984లో నెలకొన్న ఆయుధ కర్మాగారంలో 30 మిల్లీమీటర్ల ఫిరంగి గల శరత్ యుద్ధవాహనాలు తయారవుతాయి. 1965 సెప్టెంబరులో అసల్ ఉత్తర్ వద్ద ప్యాటన్ ట్యాంకులను ధ్వంసం చేసి అమరుడైన పరమవీరచక్ర అబ్దుల్ హమీద్ వాడినది జీపుపై అమర్చిన 106 మిల్లీమీటర్ల తుపాకి. ఆ రకం తుపాకిపై గురి తెలుసుకోవడానికి మరొక చిన్న తుపాకి ఉంటుంది. ఆ రెండింటి దిశ కలవకపోతే ధైర్యమొక్కటే చాలదు.

"అన్నిటికంటే ప్రమాదం ఏమిటి?" అని అడిగాను. "దుర్భిణి తన తప్పు తాను చెప్పదు హజ్రత్. గుర్తు సరిగ్గా లక్ష్యంపైనే కనబడుతుంది. మనకు అనుమానమే రాదు. గుండు మాత్రం వేరే చోటికి పోతుంది" అన్నాడు.

ఆ మాట విన్నాక ఒక పాత సంగతి గుర్తుకు వచ్చి నేను మౌనం వహించాను. ఒకసారి పాఠం అప్పజెబుతున్న పిల్లవాణ్ణి, తప్పు చదివాడని అందరి ముందు కోప్పడ్డాను. వాడు కన్నీళ్ళతో గ్రంథం తెరిచి చూపాడు. వాడు చదివినదే సరైనది. ముప్పై ఏళ్ళ బోధనానుభవం నాకు అనుమానమే రానివ్వలేదు. ఇంట్లో పిల్లలపై, ఇరుగుపొరుగుపై తీర్పు చెప్పే ముందు మన చూపును కూడా ఒక్కసారి దారం కట్టి సరిచూసుకోవడం పెద్దలమైన మన బాధ్యత.