క్యాబేజి తోటలో మందుకు ముందు లెక్క



క్యాబేజి ఆకులమీద చిల్లులు కనబడగానే మనలో చాలమంది చేయు పని ఒక్కటే. పట్నము వెళ్ళి, క్రిందటిసారికంటె ఘాటైన మందు ఏదని దుకాణములో అడుగుదుము. వారము తిరుగకుండ పురుగు మరల కనబడినచో ఇంకొక మందు తెత్తుము. పంట అమ్మిన తరువాత దుకాణము బాకీ చూచుకొని నిట్టూర్చుదుము. ఈ అలవాటు మాని, మందు కొట్టుటకు ముందు పురుగును లెక్కపెట్టు అలవాటు చేసికొనవలెనని మనవి చేయుటకే ఈ నాలుగు మాటలు.

ముందుగా శత్రువును గుర్తింతము. దీనిని డైమండ్ రెక్కల పురుగు అందురు. తల్లిపురుగు బూడిదరంగులో, సెంటీమీటరుకు మించని చిన్న ప్రాణి. రెక్కలు ముడిచి కూర్చున్నప్పుడు వీపుమీద లేతరంగులో మూడు వజ్రపు మచ్చలు వరుసగా కనబడును. పిల్లపురుగు లేత ఆకుపచ్చగా ఉండి, ఆకు అడుగున చేరి పచ్చదనమును గీకి తినును. పైపొర మాత్రము అద్దపు ముక్కవలె మిగులును. వేలితో తాకినచో గిలగిల కొట్టుకొని, సన్నని దారము పట్టుకొని క్రిందికి జారును. క్యాబేజి, కాలీఫ్లవరు, ముల్లంగి, ఆవ మొదలైన ఒకే కుటుంబపు మొక్కలు దీని ఆహారము.

ఒక్క తల్లిపురుగు సుమారు 150 గ్రుడ్లు పెట్టగలదు. వేడి రోజులలో రెండు మూడు వారములకే ఒక తరము పూర్తియగును. మందు కొట్టినప్పుడు తట్టుకొనలేని పురుగులు చచ్చును, తట్టుకొనగలవి కొన్ని మిగులును. రాబోవు తరమునకు తల్లిదండ్రులు ఆ మిగిలినవే. మేలైన కంకులు ఏరి విత్తనమునకు దాచినట్లు, ఒకే మందును పదేపదే కొట్టి మనము మొండి పురుగును ఏరి పెంచుచున్నాము.

ఇది ఊహించి చెప్పు మాట కాదు. 1953లోనే జావా దీవిలో ఈ పురుగు డి.డి.టి.కి లొంగుట లేదని వెల్లడియైనది. మన దేశములో 1968లో లూథియానా ప్రాంతపు పురుగు డి.డి.టి.ని, పారథియాన్‌ను తట్టుకొనుచున్నదని తేలినది. బాసిల్లస్ తురింజియెన్సిస్ అను సూక్ష్మజీవి మందును సైతము పొలములలో తట్టుకొనిన మొదటి కీటకము ఇదియే. హవాయి దీవులలో జరిగిన ఈ సంగతి 1990లో ప్రకటింపబడినది. మందుల పేర్లు మారినవి గాని కథ మారలేదు.

ఘాటైన మందువలన ఇంకొక నష్టము కలదు. కొటీసియా అను చిన్న కందిరీగ ఈ పురుగు శరీరములో గ్రుడ్డు పెట్టును. దాని పిల్ల పురుగును లోపలినుండి తినివేయును. కూలి అడుగకుండ పనిచేయు ఈ నేస్తమును మన మందే చంపుచున్నది.

మరి ఏమి చేయవలెను? వారమునకు రెండుసార్లు తోటలో ఈ మూలనుండి ఆ మూలకు నడచి, అక్కడక్కడ 20 మొక్కలను ఆకులు తిప్పి చూడవలెను. సగటున మొక్కకు 2 పురుగులు లేనిచో పంపును ఇంటనే ఉంచవచ్చును. గడ్డ కట్టకముందు బయటి ఆకులలో కొన్ని చిల్లులున్నంత మాత్రమున దిగుబడి పడిపోదు. గడ్డ మొదలగు దశలో మాత్రము ఎక్కువ జాగ్రత్త కావలెను. ఆ దశలో నడిమొవ్వను కొరికినచో గడ్డ సరిగా కట్టదు.

బెంగుళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థవారు చూపిన ఆవాల పద్ధతి కూడ మేలైనది. 25 వరుసల క్యాబేజికి రెండు వరుసల ఆవాలు వేయవలెను. ఒక వరుసను నారు నాటుటకు 15 రోజుల ముందు, రెండవదానిని నాటిన 25 రోజులకు విత్తినచో లేత ఆవాకు ఎప్పుడును ఉండును. తల్లిపురుగు ఆ ఆకునే ఎక్కువగా కోరి గ్రుడ్లు పెట్టును. అచ్చట చేరిన పురుగును అచ్చటనే నాశనము చేయవలెను. లేనిచో ఎరవేసి చేపను వదలినట్లగును.

లెక్క 2కు చేరినచో మొదట 5 శాతము వేపగింజల కషాయము కొట్టవలెను. 5 కిలోల వేపపప్పు పొడిని 10 లీటర్ల నీటిలో రాత్రి నానబెట్టి, వడగట్టి, 100 లీటర్లు చేసి, కొంచెము సబ్బు కలుపవలెను. క్యాబేజి ఆకు మైనము పూసినట్లు నున్నగా ఉండును గనుక సబ్బు లేనిదే ద్రవము నిలువదు. ఆకు అడుగు తడియవలెను. అప్పటికిని అదుపు కానిచో వ్యవసాయాధికారి సలహాతో మందు వాడవలెను. ఒకే వర్గపు మందును వరుసగా కొట్టరాదు. డబ్బాపై వ్రాసిన గడువు తీరినగాని కోయరాదు. ఆ గడ్డను తినువారు మన బిడ్డలవంటి బిడ్డలే.

“చిల్లు కనబడినచో వర్తకుడు ధర తగ్గింపడా?” అని కొందరు అడుగుదురు. ఆ భయము న్యాయమైనదే. కాని చిల్లులు పడిన బయటి ఆకులను సంతకు పంపకముందే తీసివేయుదుము. ధరలో పోవు రూపాయి ప్రక్కనే మందులకు పోయిన రూపాయిని కూడ వ్రాసి చూడుడు.

ఇది ఒక్క రైతువలన అగు పని కాదు. ఒకరు కోత ముగించి మోళ్లను పొలములో వదలినచో, అందులో పెరిగిన పురుగు ప్రక్క రైతు లేత తోటకు పోవును. మోళ్లను వెంటనే దున్ని మట్టిలో కలుపుదుమని ఊరివారందరు ఒక మాట అనుకొనవలెను. ఇందుకు గ్రామాధికారులు పూనుకొనవలెను. ఏ మందు కొట్టవలెనని రైతు అడిగినప్పుడు, వెంటనే మందు పేరు చెప్పక, “మొక్కకు ఎన్ని పురుగులున్నవి?” అని ఎదురు ప్రశ్న వేయవలెను. జవాబు తెలియనిచో అతనితో కూడ తోటలోనికి నడచి, మొదటి 20 మొక్కలను తామే తిప్పి చూపవలెను.