చిలుకను సాకడం ప్రేమే, కానీ నేరం
వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చి రామచిలుకను రెండో షెడ్యూలులో చేర్చినా, తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఇళ్ల వసారాల నుంచి చిలుక పంజరాలు దిగలేదు. చిలుకను బంధించి పెంచిన నేరం రుజువైతే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తొర్రలోంచి తెచ్చిన పిల్లకు నానబెట్టిన శనగలు, జామపండు తినిపించి సాకే బాలల మమకారం స్వచ్ఛమైనదే. దాని పేరిట జరిగే నష్టాన్ని మాత్రం ఉపేక్షించలేం. గూడు దోచిన ప్రతిసారీ ఒక జంట ఆ ఏటి సంతానాన్ని కోల్పోతుంది. రెక్కలు కత్తిరించి పెంచిన పక్షికి మేత వెతుక్కోవడం, డేగ కంటపడకుండా తప్పుకోవడం తెలియవు. కేసుకు భయపడి దాన్ని హఠాత్తుగా వదిలేస్తే చావుకు అప్పగించినట్లే. అందువల్ల చట్టం కాఠిన్యమంతా చిలుక పిల్లలను పట్టి అమ్మే దళారులపై ఉండాలి. కుటుంబాలకు మాత్రం అటవీ శాఖ గడువు ప్రకటించి, శిక్ష భయం లేకుండా పక్షులను అప్పగించే వీలు కల్పించాలి. వాటిని తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాలలో పశువైద్యులు పరీక్షించి, ఎగరగలిగినవాటిని క్రమంగా స్వేచ్ఛకు అలవాటు చేసి వదలాలి. ఎగరలేనివాటిని జీవితాంతం పోషించాలి. రోడ్ల విస్తరణలో, చిలుకలు గూడు పెట్టుకునే తొర్రలున్న పాత చెట్లను కాపాడటం ప్రభుత్వ బాధ్యత. 2010లో జీవావరణ రిజర్వుగా గుర్తింపు పొందిన శేషాచలం చెంతనే ఉండగా, బడిపిల్లలకు పక్షులను అడవిలో చూపించడం ఉపాధ్యాయుల కర్తవ్యం. తల్లిదండ్రులు బిడ్డకు చిలుకను కొనివ్వడం ఇకనైనా మానాలి.