పాల లెక్క పక్కనే నీళ్ల లెక్క

పాలు రాని రోజున కేలెండర్ మీద సున్నా చుడతాం. చాకలి పద్దు, గ్యాసు బండ మార్చిన తేదీ కూడా రాసిపెట్టుకుంటాం. మరి పొద్దున్న లేచింది మొదలు తాగడానికీ వండడానికీ వాడే నీళ్ల సంగతి ఎక్కడైనా రాస్తున్నామా? "ఆ మధ్య వాసనొచ్చాయండీ" అంటాం. ఆ మధ్య అంటే ఎప్పుడమ్మా అని అడిగితే మాత్రం చెప్పలేం.

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఉన్నట్టుండి పిల్లా పెద్దా కళ్లు తిరిగి, మూర్ఛ వచ్చి పడిపోయారు. వారం తిరక్కుండానే ఆరువందల మంది దాకా ఆసుపత్రుల పాలయ్యారు. మొదట చేసిన నీటి పరీక్షల్లో తేడా ఏమీ లేదన్నారు. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్ వారికి రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాలు ముఖ్య కారణం కావచ్చని నిపుణులు చెప్పారు. అవి ఒంట్లోకి ఎలా చేరాయో తేలాలంటే ఇంకా పరిశోధన జరగాలన్నారు. అలాంటి సమయంలో "ఎప్పట్నుంచి తేడాగా ఉంది, ఏ కుళాయి నీళ్లు తాగారు?" అని అడిగితే తేదీతో సహా చెప్పగలిగేది ఇంటి ఇల్లాలే. అదీ రాసిపెట్టుకుంటేనే!

మన వైపు నీళ్లకి కరువు లేదు. అవి వచ్చే దారులతోనే చిక్కు. తాడేపల్లిగూడెం మీదుగా వచ్చే గోదావరి కాలువ, బెజవాడ నుంచి వచ్చే కృష్ణా కాలువ ఏలూరులో కలుస్తాయి. తమ్మిలేరు, బుడమేరు కొల్లేట్లో పడతాయి. ఊళ్ల మురుగు, పొలాల్లో కొట్టిన మందులు, చేపల చెరువుల నీళ్లు కూడా అక్కడికే చేరతాయి. అదంతా సముద్రానికి పోవాలంటే ఉన్న దారి ఉప్పుటేరు. కొల్లేరుని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకీ ఎక్కింది. పేరు రాగానే నీళ్లు తేరుకోవు కదా! కనిపెట్టి చూసేవాళ్లు కావాలి.

ఆ పని ఆడవాళ్లకే అప్పజెప్పే ఏర్పాటు ఒకటి ఉంది. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ ప్రకారం ఊరికి అయిదుగురు మహిళలకి నీటి పరీక్ష నేర్పించాలి. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. చుక్క నాలిక మీద వేసుకుని చారులో పులుపు చెప్పగల మనకి రంగు చూడ్డం ఒక లెక్కా? కిట్‌లో ఇచ్చిన మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉన్న నీళ్లు పసుపు రంగుకి తిరుగుతాయి. కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలి. ఇంకో చిన్న సీసాలో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు వెచ్చటి చోట ఉంచుతారు. నల్లబడితే మురుగు కలిసిందని అనుమానించాల్సిందే. ఈ పరీక్షని 1982లో లోకానికి చెప్పింది మన దేశపు శాస్త్రవేత్తలే.

అయితే ఒక్క మాట. సీసం, పురుగుమందులు ఈ కిట్‌కి దొరకవు. వాటికి ప్రయోగశాల పరీక్షే శరణ్యం. కాచితే సూక్ష్మక్రిములు చస్తాయి గానీ ఇవి పోవు. పటిక తిప్పినా, ఇండుపగింజ అరగదీసినా మన్ను అడుక్కి దిగుతుందంతే. తేటగా ఉన్న నీళ్లన్నీ మంచినీళ్లు కావు.

అందుకని ఇవాళే మొదలుపెట్టండి. కేలెండర్ గడిలో పాల లెక్క పక్కనే రంగు, వాసన, రుచి ఒక్కో అక్షరంతో రాయండి. ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే అదీ రాయండి. వేసవిలో కాలువలు కట్టేముందు మంచినీళ్ల చెరువు నింపినప్పుడు, మళ్లీ కాలువలు వదిలినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినట్టు వరదలొచ్చినప్పుడు, తప్పకుండా పరీక్ష చేయించమనండి. డ్వాక్రా మీటింగుకి వెళ్లినప్పుడు "మన ఊళ్లో ఆ అయిదుగురూ ఎవరు? కిట్ ఎక్కడుంది?" అని అడగండి. ఎవరూ లేరంటే మీ పేరే ముందు చెప్పండి!

"నీళ్లు బాగోలేవండీ" అని నోటిమాటగా చెబితే "చూద్దాంలెండమ్మా" అని పంపించేస్తారు. పది ఇళ్ల లెక్కలు తేదీలతో సహా బల్ల మీద పెడితే అంత తేలిగ్గా తోసెయ్యలేరు. ఈ నెల కేలెండర్‌లో ఇంకా ఖాళీ గళ్లు ఉన్నాయిగా!