సుగ్గికి పోయిన బిడ్డ బడి మానేసినట్టు కాదు

ఆదోని, ఎమ్మిగనూరు పక్క మీకు చుట్టాలుంటే ‘సుగ్గి’ అనే మాట వినే ఉంటారు. ఇంటికి తాళమేసి, ముసలోళ్లను ఊర్లో వదిలి, పని వెతుక్కుంటూ పోవడం. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు మండలాల్లో వానపంట పోయిందంటే పత్తి తీయడానికి తెలంగాణకు, మిరప కోతలకు గుంటూరు, పల్నాడు వైపుకు, బిల్డింగు పనులకు బెంగళూరుకు బండ్లు కదులుతాయి. ఆదోనిలో పెద్ద పత్తి మార్కెట్ ఉంది, తుంగభద్ర దిగువ కాలువ ఈ నేల మీదుగానే పోతుంది. అయినా కథ ఇదే.

వలస బండ్ల ఫోటోలు పేపర్లలో చూసుంటారు. ఆ మూటల మధ్య కూర్చున్న పిల్లల లెక్క ఎవరు రాస్తున్నారు?

పదేళ్ల ఆడపిల్లను ఎందుకు తోలుకపోతారో తెలుసా? కాయ కోయడానికే అనుకుంటాం. చాలాసార్లు చంటిబిడ్డను పట్టుకోవడానికి! అమ్మ సాలులో వంగి కోస్తుంటే గట్టు మీద తమ్ముణ్ని ఎత్తుకొని ఆడించేది అక్కే. చంటోడికి చోటు చూపకుండా అక్కను హాస్టల్లో పెట్టమంటే ఆ తల్లి ఏం చేయాలి? కోతల కాలంలో చేను దగ్గరికే అంగన్‌వాడీ రావాలి. ఇది దయ కాదు, ఆరేళ్లలోపు పిల్లలకు తిండి ఇవ్వాలని 2013 ఆహార భద్రత చట్టంలోనే ఉంది.

సమగ్ర శిక్ష కింద పెట్టే సీజనల్ హాస్టళ్లు మంచి ఆలోచనే, కాదనను. కానీ ఊరు ఖాళీ అయినాక తెరిస్తే ఎవరొస్తారు? బండి కదలకముందే తెరవాలి. రాత్రిపూట అక్కడ ఎవరుంటారో తెలియకుండా మా తండాల్లో ఏ అమ్మా ఆడపిల్లను వదలదు. వదలకూడదు కూడా.

ఇంకోటి. ‘తల్లికి వందనం’ డబ్బుకు 75 శాతం హాజరు ఉండాలంటారు. మూడు నాలుగు నెలలు సుగ్గిలో ఉన్న బిడ్డకు అది ఎట్ల కుదురుతుంది? అందరికన్నా అవసరం ఉన్న ఇల్లే జాబితాలోంచి జారిపోతుంది. పోయిన చోటి బడి హాజరు ఇక్కడి రిజిస్టర్‌లో కలిస్తే ఈ బాధే ఉండదు. ఆధార్ నంబరుతో రేషన్ ఎక్కడైనా ఇస్తున్నప్పుడు హాజరు ఎందుకు కలవదప్పా?

చట్టం లేక కాదు. 2009 విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్ వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించే బాధ్యత స్థానిక సంస్థల మీద పెట్టింది. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం కుదరదని 5వ సెక్షన్ చెప్తుంది. 2005 తర్వాత సల్వాజుడుం హింసకు ఛత్తీస్‌గఢ్ వదిలి గోదావరి అడవులకు వచ్చిన గుత్తికోయల పిల్లలకైనా, మా పిల్లలకైనా బడి గేటు దగ్గర కాగితం అడ్డం రాకూడదు.

గుంటూరు, పల్నాడు మిత్రులారా, జనవరిలో మీ ఊరి మిరప చేలల్లో గుడారాలు లేస్తాయి. బడి ఈడు పిల్లలు కనిపిస్తే మీ హెడ్‌మాస్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. టీసీ ఏదని అడిగితే పై సెక్షన్ చూపించండి.