పుణే వాళ్ళను మనం అడిగినామా?

పోస్టు కొంచెం పొడుగుంది. ఓపిక చేసుకుని చదవండి, తిట్టాలంటే చదివినాక తిట్టండి.

మొన్న ఒక అన్న అడిగినాడు: "హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి పోతే తిరుపతి హాస్టల్లో ఉండే మీకేంది? స్కాలర్‌షిప్ పడలేదని రాయండి, మెస్ గురించి రాయండి." అన్నా, అవీ రాస్తానే ఉన్నాం. దీనికి కూడా జవాబు చెప్తాం.

2022 మార్చి 20, ఆదివారం. మేం అప్పుడు టెన్త్. ఫోన్ ఒకటే, దాని చుట్టూ తలకాయలు ఇరవై. యానాదులం, ఎరుకలోళ్ళం, సుగాలీలం, అందరం ఒకే బెంచీ మీద ఎక్కి నిలబడినాం. గోవాలో ఐఎస్ఎల్ ఫైనల్, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. ఒక గోలు వెనకబడి, ఇంక అయిపోయింది అనుకునేటప్పటికి 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేసినాడు. పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపినాడు. గెలిపించిన ఆఖరి తన్ను హాలిచరణ్ నర్జారీది. అస్సాంలో కోక్రాఝార్ పిల్లోడు, బోడో. "వాళ్ళు కూడా ఎస్టీలేరా" అని మాలో ఒకడు అన్నాడు చూడండి, ఆ రోజు అరిచినట్టు గంగజాతరలో కూడా ఎప్పుడూ అరవలేదు. తర్వాత చందాలేసుకుని పసుపు టీషర్టులు కొన్నాం, వెనక తెలుగులో నర్జారీ అని వేయించినాం. ప్రింటింగ్ ఆయన "నజ్రీ" అని కొట్టినాడు. అట్లనే తొడుక్కున్నాం.

ఆ టీము తర్వాతి ఏడు లీగులో రెండో స్థానం. ఆ పై ఏడు, 2023-24లో, 22 మ్యాచులు ఆడి ఒక్కటంటే ఒక్కటి గెలిచింది. 8 పాయింట్లు, అందరికన్నా కింద. జీతాలు అందక విదేశీ ఆటగాళ్ళు నడిమధ్యలో వెళ్ళిపోయినారు. కొత్తోళ్ళను తీసుకోకుండా నిషేధం పడింది. యాజమాన్యం మారింది. అప్పటినుంచి మాకు ఒకటే భయం, ఎప్పుడు మూట కట్టేస్తారో అని. 2025లో కట్టేసినారు. ఇప్పుడు దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ.

"జనం రాలేదు, అందుకే పోయింది" అంటున్నారు. జనం ఎప్పుడు రావాల? కోవిడ్ వల్ల 2020-21, 2021-22 రెండు సీజన్లూ గోవాలోనే ఆడించినారు. కప్పు గెలిచిన సీజన్లో గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. మొత్తం ఆరు సీజన్ల కాపురం, అందులో రెండు పరాయి ఊర్లో, ఇంకో రెండు అప్పుల్లో. దాంట్లో అభిమానం పెరగలేదని జనం మీద నింద! ఇదే ఊర్లో 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు సిటీ పోలీస్ టీము రోవర్స్ కప్పు కొట్టింది. వాళ్ళ కోచ్ రహీం సాబ్ మన దేశానికి 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ బంగారాలు తెచ్చినాడు. ఆ ఊరికి ఫుట్‌బాల్ రాదు అని చెప్తే నమ్మాలంట.

ఇంతవరకు మీరందరూ అవును అంటారు. ఇక్కడినుంచి మాకే చురుక్కుమంటుంది.

2019లో హైదరాబాదుకు ఈ టీము ఎట్లా వచ్చింది? పుణేలో ఎఫ్‌సీ పుణే సిటీ మూతపడింది, దాని చోటు మనకు వచ్చింది. పుణేలో కూడా ఎవరో పిల్లోళ్ళు టీషర్టులు కుట్టించుకుని ఉంటారు కదా. వాళ్ళ సంగతి ఏమైందని మనం అడిగినామా? లేదు. మాకు తెలిసిందే నిరుడు. అదే 2019లో ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ పోయి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అంటే ఢిల్లీకి పోయిన గాయానికి మన చర్మం తీసి అతికించినారు. మన ఆంధ్రా సంగతి ఇంకా ఘోరం. 2020లో శ్రీనిధి సంస్థకు ఐ-లీగ్ చోటు దొరికింది విశాఖపట్నం పేరు మీద. టీము ఆడింది మాత్రం హైదరాబాదులో. రెండు సీజన్లు వరసగా రెండో స్థానంలో వచ్చింది, మంచి టీమే. కానీ విశాఖ పిల్లోళ్ళు ఎప్పుడు చూడాల దాన్ని?

కొంతమంది దీన్ని పోలవరంతో పోలుస్తున్నారు. తప్పు. ఇల్లు, పొలం, అడవి మునిగిన కుటుంబాల పక్కన ఫుట్‌బాల్ టీమును పెట్టకండి, మాకు సిగ్గేస్తుంది. కానీ అలవాటు మాత్రం ఒకటే. అక్కడుండేవాళ్ళను అడక్కుండా కాగితం మీద సంతకం చేసి, పేపర్లో చూసి తెలుసుకోండి అనడం. ఆ అలవాటు మనకు బాగా తెలుసు కాబట్టే దీని గురించి మాట్లాడే హక్కు మనకు ఉండాది.

ఏం చేయాలంటారా? జర్మనీలో క్లబ్బు ఓట్లలో సగం కన్నా ఎక్కువ సభ్యుల చేతిలో ఉండాలని రూలు. ఇంగ్లండులో వింబుల్డన్ టీమును మిల్టన్ కీన్స్‌కు తరలిస్తామంటే అభిమానులు 2002లో సొంతంగా ఇంకో క్లబ్బే పెట్టుకున్నారు, అడుగు డివిజన్ల నుంచి పైకొచ్చి 2020లో సొంత పేటకు తిరిగొచ్చినారు. మనకు అంత డబ్బు లేదు, నిజమే. కనీసం ఫెడరేషన్ ఒక షరతు పెట్టచ్చు: ఊరు మార్చాలంటే ఆ ఊరి అభిమానులతో ముందు కూర్చోవాల, ఆ ఊరి పిల్లల అకాడమీ అక్కడే ఉంచాల. ఇది అడగడానికి డబ్బులు అక్కర్లేదు.

ఒక మాట మనలో మనం. నర్జారీకి కోక్రాఝార్‌లో ఆడుకునే చోటు దొరికింది. మన హాస్టల్ వెనక గ్రౌండులో సగం కంపచెట్లు, సగం కంకర. బంతి ఒకటి, అదీ మేము కొన్నదే. వ్యాయామం సారు పోస్టు ఖాళీ. టీము ఢిల్లీకి పోయిందని ఏడ్చిన మేమే ఈ గ్రౌండు కోసం ఒక్క అర్జీ రాయలేదు. నిన్న రాత్రి కూర్చుని రాసినాం. నలభై ఒక్క సంతకాలు వచ్చినాయి.

ఆదివారం పొద్దున ఆరింటికి కంపచెట్లు కొడుతున్నాం. కొడవళ్ళు ఉండేవాళ్ళు తీసుకురండి. "నజ్రీ" టీషర్టులు ఇంకా ఐదు మిగిలున్నాయి, ముందొచ్చినోళ్ళకు ఇస్తాం.