కుక్కపిల్ల చెయ్యి కొరికితే నవ్వి ఊరుకోకండి



జీవామృతం కలిపే వీడియోలో ఒక కుక్కపిల్ల నా చెయ్యి పట్టుకుని లాగుతూ కనిపించింది కదా, అది రాట్‌వైలర్ పిల్ల. మూడు నెలలది. అడవి పందుల బాధ పడలేక తోట కాపలాకి తెచ్చుకున్నాం. అది చూసి ఒకాయన ఫోన్ చేసి, "కరవనియ్ అన్నా, ఇప్పుడు ఆపితే పెద్దయ్యాక పిరికిదైతది" అన్నాడు. ఈ మాట చాలా తోటల్లో వింటున్నా. నా లెక్కలో ఇది పెద్ద పొరపాటు.

ఇప్పుడు దానికి ఉన్నవి 28 పాలపళ్ళు, సూదుల్లా గుచ్చుకుంటాయి, అంతే. నాలుగో నెల నుంచి అవి ఊడి, ఆరేడు నెలలకల్లా 42 గట్టి పళ్ళు వస్తాయి. మగది యాభై కిలోల దాకా పెరుగుతుంది. పిల్ల పెరుగుతుంది గానీ అలవాటు మాత్రం అదే ఉంటుంది. ఈరోజు ముద్దుగా అనిపించిన ఆటే రేపు కలుపుకు వచ్చిన పెద్దమ్మ చేతి మీద పడితే ఎవరు జవాబు చెప్పాలి?

కాపలా అంటే కరవడం కాదు. కొత్త మనిషి వస్తే మొరిగి మనకి చెప్పాలి. మన మనుషుల్ని, ఆవుని, దూడని, కోళ్ళని గుర్తుపట్టాలి. చెయ్యి కొరకడం ఆపినంత మాత్రాన ఆ గుణం పోదు.

ఇంకొందరు మూతి మీద కొడతారు, చేతికి కారం పూసుకుంటారు. అదీ తప్పే. ఆకు మీద పురుగు కనపడగానే మనం మందు కొట్టం, ఎందుకొచ్చిందో చూస్తాం కదా! ఇక్కడా అంతే. పిల్ల కొరికేది ఆట కోసం, చిగుళ్ళ దురదకి, లేదా నిద్ర చాలక. దెబ్బలు తిన్న పిల్లకి చెయ్యి అంటేనే భయం పట్టుకుంటుంది. రేపు కూలీ మనిషి పార ఎత్తితే తననే కొడుతున్నారనుకుని మీద పడొచ్చు.

మేం చేసేది వీడియోలో చూడండి. పళ్ళు చేతికి తగలగానే చెయ్యి గుంజుకోం, గుంజితే దానికి ఇంకా ఆటే. కదలకుండా ఆగిపోయి, ఆట ఆపి, అటు తిరిగి నిలబడతాం. అరనిమిషం మాట్లాడం, చూడం. శాంతించాక ముడేసిన పాత నూలు తువ్వాలు తడిపి ఇస్తాం. అది కొరికితే "శభాష్" అంటాం. తువ్వాలు ఇచ్చినప్పుడు దగ్గరే ఉండండి, పీలికలు మింగితే ప్రమాదం. చేతులతో కుస్తీ ఆటలు మాత్రం అసలొద్దు.

ఇంట్లో అందరిదీ ఒకే పద్ధతి ఉండాలి. మీరు ఆపి, పిల్లలు ఆడిస్తే దానికేం అర్థమవుతుంది? సాయంత్రం పూట పిచ్చిగా కొరుకుతుంటే అలిసిపోయిందని అర్థం, నీడలో పడుకోబెట్టండి. ఈ వయసులో రోజులో ఎక్కువ భాగం నిద్రే కావాలి.

ఇంకో మాట. నెల రోజుల పిల్లని తల్లి నుంచి వేరు చేసి తేకండి. ఎంత గట్టిగా కొరికితే నొప్పో అది తల్లి దగ్గర, తోటి పిల్లల దగ్గరే నేర్చుకుంటుంది. కనీసం ఎనిమిది వారాలు ఆగండి.

పంటి గీత పడి రక్తం వస్తే పసుపు, సున్నం పెట్టి వదిలేయొద్దు. ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆసుపత్రికి వెళ్ళండి. పిల్లే కదా అని అనుకోవద్దు, రేబిస్‌కి వయసుతో పని లేదు. మూడో నెలలో పశువుల డాక్టర్ దగ్గర పిల్లకి టీకా వేయించండి. ఈ ఒక్క విషయంలో ఇంటి వైద్యం పనికిరాదు.

ఒకటి రెండు రోజుల్లో మారదు, వారాలు పడుతుంది. నేలని బాగుచేయడానికి ఏళ్ళు ఓపిక పట్టినవాళ్ళం, దీనికి ఆ మాత్రం పట్టలేమా?