ఎవరి వాటా ఎంత? ఏపీఐ రాసేటప్పుడే తేల్చుకోండి

2025 ఏప్రిల్ 12, శనివారం. దేశమంతా కొన్ని గంటల పాటు యూపీఐ మొరాయించింది. హ్యాకర్ల పనేమో అని చాలామంది అనుకున్నారు. కాదు. తర్వాత బయటికొచ్చిన కారణం వింటే మన ఇంజినీర్లకు నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. ‘ఫలానా లావాదేవీ ఏమైంది?’ అంటూ కొన్ని బ్యాంకుల సిస్టమ్‌లు ఎన్‌పీసీఐని పదేపదే అడిగాయి. పాత లావాదేవీల గురించి కూడా అడుగుతూనే ఉన్నాయి. ఆ ప్రశ్నల వరదలో అసలు చెల్లింపులు ఇరుక్కుపోయాయి.

ఆ తర్వాత ఎన్‌పీసీఐ పట్టు బిగించింది. స్థితి అడిగే ముందు 90 సెకన్లు ఆగాలని, రెండు గంటల్లో మూడుసార్లకు మించి అడగకూడదని 2025లో బ్యాంకులకు చెప్పింది. 2025 ఆగస్టు 1 నుంచి మనకూ లెక్క వచ్చింది: ఒక యాప్‌లో రోజుకు 50 సార్లే బ్యాలెన్స్ చూసుకోవచ్చు. అప్పట్లో ‘మా డబ్బు మేం చూసుకోవడానికి కూడా లిమిటా?’ అని సోషల్ మీడియాలో గోల చేశారు. నాకైతే ఆ నిర్ణయం సబబుగానే అనిపించింది. ఎందుకంటే అలాంటి తప్పు నేనూ చేశాను.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. క్లౌడ్‌లో నడిచే ఒక ఏపీఐని పిలిచే కోడ్ రాశాను. జవాబు రాకపోతే మళ్లీ ప్రయత్నించాలి కదా, ఒక లూప్ పెట్టాను. మధ్యలో ఆగడం మాత్రం పెట్టలేదు. ఓ రోజు ఆ ఏపీఐ కాస్త నెమ్మదించింది. నా లూప్ దాన్ని ఊపిరి తీసుకోనివ్వలేదు. అదే ఏపీఐ మీద ఆధారపడిన మిగతా క్లయింట్ల పనులన్నీ ఆగిపోయాయి. తిట్లు తిన్నది నేనే, సరే. కానీ ఒక్క క్లయింట్ అందరి వాటా మింగేస్తుంటే ఆపే ఏర్పాటు అటువైపు లేకపోవడం కూడా తప్పే కదా?

‘ఆటో స్కేలింగ్ ఉందిగా, క్లౌడే చూసుకుంటుంది’ అంటారు ఫైనల్ ఇయర్ తమ్ముళ్లు, చెల్లెళ్లు. చూసుకుంటుంది. సర్వర్లతో పాటు బిల్లునూ పెంచుతుంది. పైగా సర్వర్లు పది అయినంత మాత్రాన వెనకాల ఉన్న డేటాబేస్ పది కాదు.

లిమిట్ పెట్టడం బ్రహ్మవిద్యేం కాదు. ఎక్కువగా వాడేది టోకెన్ బకెట్. ప్రతి క్లయింట్ పేరున ఒక బకెట్ ఉంటుంది. అందులో సెకనుకు ఇన్ని చొప్పున టోకెన్లు పడుతుంటాయి, నిండాక ఆగిపోతాయి. ఒక్కో రిక్వెస్టుకూ ఒక టోకెన్ ఖర్చు. బకెట్ ఖాళీ అయితే ఆగాల్సిందే. దీని బదులు ‘నిమిషానికి వంద’ అని గడియారం నిమిషాలతో లెక్కేస్తే ఒక చిల్లు ఉంది. నిమిషం ముగిసే చివరి సెకనులో వంద, కొత్త నిమిషం మొదటి సెకనులో వంద... రెండు సెకన్లలో రెండొందలు దూరిపోతాయి. సర్వర్లు రెండు మూడు ఉంటే లెక్కను రెడిస్ లాంటి ఉమ్మడి చోట పెట్టాలి. లేదంటే ఒక్కో సర్వర్ తన లెక్క తనది అంటుంది. అమెజాన్ ఏపీఐ గేట్‌వేలో యూసేజ్ ప్లాన్ అని రెడీమేడ్‌గానే దొరుకుతుంది. అయితే ఖర్చు అదుపు కోసం దాని మీదే ఆధారపడొద్దని వాళ్ల డాక్యుమెంటేషనే చెబుతోంది. అది చదివేవాళ్లు తక్కువ.

అసలు చిక్కు అల్గారిథమ్‌లో లేదు. క్లయింట్ అంటే ఎవరు అన్న దగ్గర ఉంది. చాలామంది కళ్లు మూసుకుని ఐపీ అడ్రస్ పెట్టేస్తారు. ఇంటర్ ఫలితాల రోజు మండల కేంద్రంలోని నెట్ సెంటర్‌ను ఊహించుకోండి. చుట్టుపక్కల ఊళ్ల పిల్లల హాల్‌టికెట్ నంబర్లన్నీ ఒకే కనెక్షన్ మీద కొడుతుంటారు. హాస్టల్ వైఫై అంతే. మొబైల్ నెట్‌వర్క్‌లోనూ ఒకే ఐపీ వెనక బోలెడంత మంది ఉంటారు. ఐపీకి ఇంత అని గిరి గీస్తే సొంత బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవాడికి ఏమీ కాదు, నెట్ సెంటర్ ముందు క్యూలో ఉన్న పిల్ల ఆగిపోతుంది. అది సాంకేతిక నిర్ణయంలా కనిపించే అన్యాయం. గిట్‌హబ్ చేసే పద్ధతి చూడండి: ఎవరో చెప్పకుండా వస్తే ఐపీకి గంటకు 60 రిక్వెస్టులు, లాగిన్ టోకెన్‌తో వస్తే ఆ మనిషికి 5,000. ముందు ఎవరో తెలుసుకోవాలి, తర్వాతే వాటా.

ఆపేటప్పుడు మర్యాద కూడా అవసరం. 2012 నుంచి దీనికంటూ 429 అనే కోడ్ ఉంది. దాంతో పాటు రిట్రై ఆఫ్టర్ హెడర్‌లో ఎన్ని సెకన్లు ఆగాలో చెప్పొచ్చు. కారణం చెప్పకుండా 500 విసిరేస్తే అవతల నాలాంటి వాడి లూప్ ఇంకా రెచ్చిపోతుంది. మీరే క్లయింట్ అయితే ప్రతిసారీ ఆగే సమయం రెట్టింపు చేయండి, దానికి కాస్త యాదృచ్ఛికత కలపండి. లేకపోతే ఆగినవాళ్లంతా మళ్లీ ఒకేసారి వచ్చి మీద పడతారు.

‘రేట్ లిమిటర్ డిజైన్ చేయండి’ అనేది ఇంటర్వ్యూల్లో పాత ప్రశ్నే. టోకెన్ బకెట్ గురించి గడగడా అప్పజెప్పేవాళ్లకు కొదవ లేదు. ‘లిమిట్ ఎవరికి? కీకా, యూజర్‌కా, కంపెనీకా?’ అని తిరిగి అడిగేవాళ్లను మాత్రం నేను పెద్దగా చూడలేదు. ఈ ఆదివారం ఓ పని చేయండి. మీ ప్రాజెక్టు ఏపీఐని మీ లాప్‌టాప్‌లోనే నడిపి, దాని మీద మీరే ఒక లూప్ వదలండి. ఎన్నో రిక్వెస్టుకు 429 వస్తుందో చూడండి. ఎంతకీ రాకపోతే, దాన్ని రెజ్యూమెలో పెట్టే ముందు ఇంకో రోజు పని మిగిలి ఉన్నట్టే.